గవాచి మీది నుంచి వేసిన బొమ్మ

మొన్న బుధవారం శిరీష అనే అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చి, మా భోజనాల బల్ల మీద ఒక కాగితం పెట్టి వెళ్లింది. అప్పటి నుంచి ఇంట్లో నాకు కాలు నిలవడం లేదు. ఆ కాగితాన్ని బోర్లా తిప్పుతాను, మళ్లీ వెల్లకిలా తిప్పుతాను. పొయ్యి మీద పాలు పెట్టి బాల్కనీలోకి పోతాను, అక్కడికి ఎందుకొచ్చానో మర్చిపోయి తిరిగొస్తాను, ఈలోగా పాలు పొంగి గట్టంతా పారుతుంటాయి. "నువ్వన్నా కూచో, లేదా నన్నన్నా లేచి పొమ్మను" అని మా ఆయన విసుక్కున్నారు. ఆయనకు ఆ కాగితం సంగతి తెలీదు. పెళ్లయి ఇన్నేళ్లయినా చెప్పలేదు. ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరుగా రిటైరైన మనిషిని, పూలగుత్తులూ నెమళ్లూ నేర్పించిన మనిషిని, ఒకప్పుడు హత్యల బొమ్మలు వేసేదాన్నని ఆయనకు తెలుసు. అందులో ఒక బొమ్మ మాత్రం తెలీదు.

శిరీష పాత తెలుగు నేర కథల బొమ్మలన్నీ వెతికి ఒక పుస్తకం వేస్తోంది. 'ప్రభు' అనే పేరుతో వేసింది ఎవరా అని రెండేళ్లు వెతికిందట. వెతగ్గా వెతగ్గా ఆ ప్రభు కర్నూల్లో మోకాళ్ల నొప్పులతో తిరిగే ముసలమ్మ అని తేలింది. "మేడమ్, కవరు మీద ఇదే వేస్తాను" అని ఆ కాగితం తీసింది. చుట్టూ చిక్కటి నలుపు. మధ్యలో గుండ్రంగా తెలుపు. ఆ తెలుపులో, చాలా కింద, వెల్లకిలా పడిన ఒక మనిషి. మొహం సగం నీడలో ఉంది. ఒక చెయ్యి మాత్రం పైకి లేచి, మన మొహం మీదికి వస్తున్నంత పెద్దగా ఉంది. పక్కన బుడగలో మాటలు: 'వదిలెయ్యండి, మీ కాళ్లు పట్టుకుంటాను!' ఆ రోజుల్లో తెలుగులో ఎవరూ ఇట్లా నడినెత్తి మీద నుంచి వెయ్యలేదు, మీరెక్కడ నేర్చుకున్నారు అని అడిగింది. ఏదో ఇంగ్లీషు పుస్తకంలో చూసి వేశానని చెప్పాను. అబద్ధం. ఆ అమ్మాయి అనుమతి పత్రం నా ముందు పెట్టి, సోమవారంలోగా సంతకం చేసి పంపమని చెప్పి, టీ కూడా పూర్తిగా తాగకుండా బస్సుకు పరుగెత్తింది.

ఇంగ్లీషు పుస్తకాలు చూసిన మాట మాత్రం నిజమే. పాతబస్తీలో ఖాదర్ సాబు ప్రెస్సు ఉండేది. పెళ్లి పత్రికలు, రసీదు పుస్తకాలు, వాటితో పాటు నెలనెలా ఒక నేరాల పత్రిక. మా అక్క పెళ్లి పత్రిక అచ్చుకు మా నాయన వెంట వెళ్లి, అక్కడున్న వినాయకుడి బొమ్మ బాగాలేదని అక్కడికక్కడే వేరే వినాయకుణ్ణి గీసిచ్చాను. ఇంటర్ పిల్లకు ఉండాల్సిన పొగరే అది. ఖాదర్ సాబు ఆ బొమ్మను కిటికీ దగ్గర పెట్టి చూసి, "బేటీ, దేవుణ్ణి బాగా ఏసినావు. దొంగను ఎయ్యగలవా?" అన్నాడు. అట్లా మొదలైంది. ఆయన దగ్గర పాత కాగితాల కట్టల్లో అట్టలు చిరిగిన ఇంగ్లీషు నేర బొమ్మల పుస్తకాలు ఉండేవి. సిరా వాసన, కిరసనాయిలు వాసన కలిసిన ఆ గదిలో కూర్చుని గంటలు గంటలు చూసేదాన్ని. నీడలే మనుషులు, కిటికీ చువ్వల నీడ మొహాన పడి మొహమే జైలవుతుంది. ఆ బొమ్మల్లో ఎప్పుడూ వానే. మా కర్నూల్లో వాన పడితే పేపర్లో వేస్తారు. అందరికీ పొడుగాటి కోట్లు, టోపీలు. మే నెలలో కొండారెడ్డి బురుజు దగ్గర అట్లాంటి కోటు వేసుకుని నిలబడితే హంతకుడు హత్య చెయ్యక ముందే వడదెబ్బకు పోతాడు. అయినా నేనూ కోట్లే వేశాను, టోపీలే వేశాను.

మా పత్రిక కాగితం నాసిరకం. బూడిద రంగు వేస్తే అచ్చులో మురికి మరకలాగా వచ్చేది. అందుకని నలుపు, తెలుపు, రెండే. ఖాదర్ సాబు అనేవాడు: "నలుపు దండిగా ఎయ్యి బేటీ, భయపడొద్దు. తెలుపు కాగితం ఎట్లైనా ఇస్తాది, నలుపే మనమియ్యాల." నలుపంటే నాకేం భయం లేదు. చీకటింట్లో ఒక్క వెలుగు స్తంభం ఎట్లా నిలబడుతుందో నాకు ఆ ఇంగ్లీషు పుస్తకాలు చెప్పక్కర్లేదు. ప్రతి ఎండాకాలం మా మేనత్త సుంకులమ్మ ఇంట్లో అది చూస్తూనే పెరిగాను.

కోడుమూరు అవతల మా అత్త వాళ్ల ఊళ్లో అన్నీ మట్టి మిద్దెలే. చౌడు మట్టి పరిచిన బల్లపరుపు కప్పులు, ఒక ఇంటి మిద్దె మీద నుంచి ఇంకో ఇంటి మిద్దె మీదికి నడిచి పోవచ్చు. కిటికీలు ఉండవు. కప్పుకు నడిమధ్య గుండ్రటి కంత, దాన్ని గవాచి అంటారు. ఇంట్లోకి వెలుగు వచ్చేదీ, పొగ బయటికి పోయేదీ అందులోంచే. పొద్దున ఆ వెలుతురు గోడకున్న గూట్లో పడేది, మెల్లగా దిగి రోటి మీదికి వచ్చేది, అక్కడి నుంచి పక్కకు జరిగి జొన్నలు నిలవ పోసిన గరిసె దగ్గరికి పోయేది. వెలుతురు రోటిని తాకిందంటే అత్త ఎసరు పెట్టేది. ఆ ఇంట్లో గడియారం ఉండేది కాదు, అవసరం పడినట్టూ గుర్తులేదు. వెలుతురులోకి ఎవరన్నా వస్తే తెల్లగా మెరిసి, ఒక్క అడుగు వెనక్కి వేస్తే మాయమైపోయేవారు. అత్త గొంతు చీకట్లోంచి వచ్చేది, రొట్టె తడుతున్న చేతులు మాత్రం వెలుతుర్లో కనిపించేవి. పిడకల పొగ, కాలుతున్న జొన్నరొట్టె, పేడతో అలికిన నేల, ఈ మూడు వాసనలు కలిస్తే మా అత్త ఇల్లు.

గవాచికి ఒక నాపబండ ఉంటుంది. వానొస్తే ఇంట్లో ఉన్న ఆడమనిషి మిద్దెక్కి ఆ బండను కంత మీదికి జరపాలి. చేలకు పోయిన వాళ్ల గవాచిలు కూడా ఇంట్లో ఉన్నవాళ్లే మూయాలి. అది ఊరి కట్టుబాటు. ఒకరితో ఒకరికి మాటలు లేని వాళ్లయినా, కోర్టుల్లో కొట్లాడుకునే వాళ్లయినా సరే, వాన చినుకు పడితే పక్కింటి గవాచి మూయకుండా దిగడం పాపం. మగవాళ్లకు ఆ పని లేదు. వాళ్లు ఊరి రాజకీయాలు చూసుకునేవారు. ఊళ్లో రెండు వర్గాలు. మా మామ ఒక వర్గం, పక్కింటి ఈరన్న ఇంకో వర్గం. ఈరన్న పెళ్లాం లింగమ్మ, మా అత్త మాత్రం ఒకే చేటలో బియ్యం ఏరుకునేవారు.

ఒక మధ్యాహ్నం ఈరన్నను అతని ఇంట్లోనే చంపేశారు. లింగమ్మ చేలో కలుపుకు పోయి ఉంది. చూసినవాళ్లు ఎవరూ లేరన్నారు. మా అత్తను కోర్టులో అడిగితే, ఆ రోజు కర్నూల్లో పుట్టింట్లో ఉన్నానని చెప్పింది. మామ చెప్పమన్న మాట అది. మా నాయన కూడా అవునన్నాడు. సాక్షి లేడని కేసు కొట్టేశారు. అత్త ఆ రోజు మా ఇంట్లో లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లం కాదు.

తర్వాతి ఎండాకాలం సెలవులకు పోయినప్పుడు, గవాచి వెలుతురులో కూర్చుని ఇద్దరం శెనక్కాయలు ఒలుస్తున్నాం. అత్త ఉన్నట్టుండి, తలెత్తకుండానే అంది: "పైన్నుంచి జూస్తే మనిషి మనిషి మాదిరి ఉండడే పద్దీ. నెత్తి, పాదాలు, అంతే. చెయ్యి పైకెత్తితే మాత్రం ఆ చెయ్యి శానా పెద్దగా కనపడతాది." నేను ఒలవడం ఆపేశాను. ఆమె ఆపలేదు. ఆ రోజు మబ్బు పట్టిందట, చినుకులు మొదలైనాయట. తన గవాచి మూసి, లింగమ్మ గవాచి మూద్దామని పోయి వంగిందట. కింద ఈరన్న పడి ఉన్నాడు. ఒకడు వాకిట్లో కాపలా, ఒకడు కత్తితో అతని మీద. ఇద్దరూ మామ వర్గం వాళ్లే. "ఈరన్న చెయ్యి పైకెత్తినాడే. నేను బండ జరిపేసినా. మబ్బుకు అంతా మసకే, ఉరుములకు బండ చప్పుడు ఎవురికీ ఇనపళ్యా. దిగొచ్చి ఈడనే కూసున్నా." ఒళ్లోని పొట్టు దులుపుకుని, "ఎవురికీ చెప్పొద్దు" అంది. చెప్పనని చేతిలో చెయ్యేసి ఒట్టేశాను.

ఎవరికీ చెప్పలేదు. బొమ్మ వేశాను. అప్పుడు నాకది మాట తప్పడంలా అనిపించలేదు, అంత తెలివితక్కువదాన్ని. కాదు, అంత తెలివైనదాన్ని. ఊరు మార్చాను, పేర్లు మార్చాను, ఈరన్నకు కోటు తొడిగాను, మట్టి మిద్దెను బొంబాయి బంగళా చేశాను. బంగళాకు గవాచి ఎందుకుంటుందని నాకే తోచలేదు. గుండ్రటి అంచు, దాని చుట్టూ పేర్చిన రాళ్లు కూడా వేశాను. ఖాదర్ సాబు ఆ బొమ్మను కూడా కిటికీ దగ్గర పెట్టి చూశాడు. తర్వాత బుడగ మీద వేలు పెట్టి, "ఈ మాట తీసెయ్ బేటీ. చెయ్యే మాట్లాడతాంది గదా" అన్నాడు. నాకు కోపమొచ్చింది. బొమ్మ నాదే, మాటా నాదే అన్నాను. చస్తున్నవాడు బతిమాలకపోతే చదివేవాడికి జాలెట్లా పుడుతుంది అని ఆయనకే పాఠం చెప్పాను. ఆయన నవ్వి, అచ్చుకు బ్లాకు చేయించడానికి పంపాడు.

ఆ పత్రిక రెండు కాపీలు అత్త వాళ్ల ఊరి మంగలి అంగడికి కూడా పోయేవి. గడ్డం గీయించుకునే మగవాళ్లంతా చదివారు. చంపినవాళ్లు కూడా చదివే ఉంటారు. ఎవరికీ ఏమీ తట్టలేదు. వాళ్లెప్పుడన్నా మిద్దెక్కి గవాచి మూస్తే కదా. పాతబడ్డాక ఆ పుస్తకం చింపి కొట్లో పొట్లాలకు వాడారు. అందులో ఒక కాగితం మిరపకాయలతో పాటు లింగమ్మ ఇంటికి చేరింది.

మరుసటి సెలవుల్లో నేను అత్త ఇంట్లో ఉన్నప్పుడే ఆమె వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండేది లింగమ్మ, నడిస్తే చప్పుడు కాదు. వచ్చి వెలుతురులో కూర్చుంది. కొంగులోంచి ఎర్రటి కారం మరకలున్న కాగితం తీసి నేల మీద పరిచింది. ఆమెకు చదువు రాదు. "పద్దమ్మా, ఈడ ఏమి రాసుండాదో రోంత సదువు" అని బుడగ మీద వేలు పెట్టింది. అత్త చీకట్లో రోటి దగ్గర ఉంది, ఆమె మొహం నాకు కనపడటం లేదు. వేరే ఏదన్నా చదివి ఉంటే ఆమెకు తెలిసేది కాదు. ఒక్క మాట మార్చి చదివి ఉంటే సరిపోయేది. ఉన్నది ఉన్నట్టు చదివాను. 'వదిలెయ్యండి, మీ కాళ్లు పట్టుకుంటాను.'

లింగమ్మ ఏడవలేదు. కాగితాన్ని అరచేత్తో సాపు చేస్తూ అత్తతో అంది: "సుంకులమ్మక్కా, ఆ పొద్దు అంత వాన పడింది. నేను చేన్నుంచి వచ్చేతలికి మా ఇంట్లో నేల తడవల్యా. గవాచి మూసుండాది. పోలీసోళ్లు అడగల్యా, నేనూ చెప్పల్యా. ఇంటింటికీ ఆడోళ్లంతా కలుపులో ఉండిరి. ఇంట్లో ఉండింది నువ్వొక్కదానివే." చీకట్లో రోటి చప్పుడు ఆగింది. "నిన్ను కోర్టుకు ఈడ్చేదానికి రాల్యా నేను. నీకూ మొగుడుండాడు, ఆయప్ప బతకనియ్యడు, నాకు దెలుసు. ఒకటే అడుగుతా. నా మొగుడు వాండ్ల కాళ్లు పట్టుకుంటానన్న్యాడా?"

అది నా మాట. నా పెన్నులోంచి వచ్చిన మాట. ఆ ఒక్క క్షణంలో నేను నోరు తెరిచి, 'లేదు లింగమ్మత్తా, అది నేను కల్పించింది' అనాలి. అంటే బొమ్మ వేసింది నేనని తెలుస్తుంది, అత్త నాకు చెప్పిందని తెలుస్తుంది, ఇంకా ఏమేమి తెలుస్తాయో అని భయమేసింది. కోర్టులో మా అత్త నిలబడినట్టే నిలబడ్డాను. లింగమ్మ ఎంతసేపు చూసిందో చూసి, కాగితం మడిచి కొంగులో పెట్టుకుని వెళ్లిపోయింది. తెల్లారి అత్త నన్ను మొదటి బస్సెక్కించింది. "సెలవులకు ఇంక రావద్దులే" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత పెళ్లిళ్లలో ఎదురుపడినా బాగున్నావా అంటే బాగున్నా అనడమే తప్ప, ఆమె పోయేదాకా మా మధ్య ఇంకో మాట లేదు. నేను ఇంకో నాలుగేళ్లు నేర కథలకు బొమ్మలు వేశాను. పై నుంచి మాత్రం మళ్లీ ఒక్క బొమ్మా వెయ్యలేదు. బడిలో పిల్లలు ఎవరన్నా అట్లా వేస్తే, పక్క నుంచి వెయ్యమని దిద్దేదాన్ని.

ఆ ఊళ్లో ఇప్పుడన్నీ సిమెంటు స్లాబులు. ఇంటికి ఆరు కిటికీలు, గదికి రెండు లైట్లు, చీకటన్నదే లేదు. శిరీష తన టాబ్లెట్టులో కొత్త పిల్లలు వేసే బొమ్మలు చూపించింది. వేలితో ఒక్క చోట తాకితే కాగితమంతా నలుపైపోతుంది, మళ్లీ తాకితే పోతుంది. బాగా వేస్తున్నారు, నాకన్నా బాగా వేస్తున్నారు. కానీ ఆ నలుపులో ఎవరూ కూర్చుని లేరు. మాకు నలుపంటే అవతల ఎవరో ఉన్నారనే. ఇది ముసలిదాని చాదస్తం కూడా కావచ్చు.

శనివారం పొద్దున ఇంక ఉండబట్టలేక బస్సెక్కాను. లింగమ్మ బతికే ఉందని, వేంపల్లెలో కూతురి దగ్గర ఉందని వాకబు చేశాను. దారి పొడుగునా ఆ కాగితం సంచిలో ఉందా లేదా అని పదిసార్లు చూసుకున్నాను. కూతురు తలుపు తీసి, నేనెవరో చెప్తే మంచినీళ్లిచ్చి లోపలికి పిలిచింది. లింగమ్మ నేల మీద చాప వేసుకుని కూర్చుని ఉంది. నడుం వంగింది కానీ చూపు అట్లాగే ఉంది. "సుంకులమ్మక్క మేనకోడలు పద్దమ్మ గదా నువ్వు. రా పాపా, యాడన్నా కూసో" అంది. నేను కూర్చోలేదు. నిలబడే, చిన్నపిల్ల పద్యం ఒప్పజెప్పినట్టు చెప్పేశాను. "లింగమ్మత్తా, ఆ బొమ్మేసింది నేను. ఆ మాట నేను కల్పించింది. ఈరన్న మామ ఆ మాట అనలేదు."

"దెలుసు" అంది. "బొమ్మేసింది నువ్వని నీ చేత సదివించిన పొద్దే దెలుసు. నీ యేళ్ల సందులో సిరా ఉండె." తడవని నేల, గవాచి కంత, సిరా మరక. జీవితమంతా నేను టోపీలు పెట్టి వేసిన డిటెక్టివులు ఎందుకూ పనికిరారు ఈమె ముందు. "మాట సంగతి మీ అత్త చెప్పింది. నిన్ను బస్సెక్కించి వచ్చి నా కాడ కూసోని ఏడ్చింది. నా మొగుడు నోరు తెరవనే ల్యాదంట. చెయ్యెత్తినాడంట, ఇట్ల."

లింగమ్మ కుడిచెయ్యి పైకెత్తింది. నేను వేసినట్టు వేళ్లు వంచి, అడుక్కుంటున్నట్టు కాదు. అరచెయ్యి పైకి పెట్టి, వేళ్లు చాపి, పైనున్నదాన్ని నెడుతున్నట్టు రెండుసార్లు ఊపింది.

"మూసెయ్ వదినా, మూసి పో అని. కింద వాండ్లు తలకాయెత్తి జూస్తే మీ అత్తనూ బతకనియ్యరు గదా. వాండ్లూ నీ మాదిరే అనుకునుంటారు, మొక్కుతాండాడని."

ఇన్నేళ్లూ నేను ఆ మనిషిని మా అత్త కంటితో చూశాననుకున్నాను. చంపినవాళ్ల కంటితో చూశాను. సంచిలోంచి కాగితం తీసి, శిరీష సంగతి, కవరు సంగతి చెప్పి, వద్దంటే సంతకం పెట్టను, దీన్ని చించేస్తానన్నాను. లింగమ్మ దాన్ని కాసేపు చూసింది. "చించేదెందుకు? నా కాడుండేది చీకిపోయ. ఈ తూరన్నా సరిగ్గా ఎయ్యి" అంది. అని మళ్లీ చెయ్యెత్తింది.

పెన్సిలు ఉంది. కాగితం ఆమె మనవరాలి నోటుబుక్కులోంచి చించాను. కానీ ఎదురుగా కూర్చుని వేస్తే అది ఆ బొమ్మ కాదు. ఆమె కూతురు వద్దు వద్దంటున్నా వినకుండా కుర్చీ జరుపుకుని, గోడకు చెయ్యి ఆనించి, నొప్పి మోకాళ్లతో దాని మీదికెక్కాను. కిందికి చూశాను. అత్త చెప్పింది నిజం. నెత్తి మీద తెల్ల జుట్టు, చాప అంచున రెండు పాదాలు, అంతే. చెయ్యి మాత్రం చాలా పెద్దగా ఉంది, ముడతలతో, గీతలతో, పొమ్మని నా మొహం మీదికి వస్తూ ఉంది. నా కళ్లలో నీళ్లు తిరిగి గీత కనపడలేదు. తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాను. చెయ్యి నొప్పెడుతోందా అత్తా, దించు అన్నాను.

"నువ్వు ఏసేంత వరకు దించను, ఎయ్యి" అంది.